కోట కందకం ఎండగట్టిన రోజు

మా ఊరి కోట కందకంలో నీళ్ళు తోడించి నలభై ఏళ్ళు దాటింది. ఉత్తరం వైపు రాతిగోడ ముందుకు ఉబ్బింది, అడుగున రాళ్ళు చూడకపోతే కూలిపోతుందని ఆ ఫిబ్రవరిలో ఎండగట్టారు. నేను కోట తోటలో పనిచేస్తాను. చలికి ముందు పైన్ చెట్ల మొదళ్ళకు గడ్డిచాపలు చుట్టడం, చలి తగ్గాక విప్పి, అందులో చేరిన పురుగులతో సహా తగలబెట్టడం నా పని. చేపలు పట్టే రోజు ఆదివారం పడింది. పక్కింటి మిత్సుయోను నేనే పిలిచాను.

"మీ అత్తగారిని కూడా తీసుకురావే. ఎన్నాళ్ళని ఇంట్లో ముడుచుక్కూచుంటుంది ఆవిడ?" అన్నాను.

ఆ మాట అనకుండా ఉండాల్సిందని ఇప్పటికీ అనిపిస్తుంది. అనకపోయినా దాగేది కాదని కూడా అనిపిస్తుంది.

మిత్సుయో మొగుడు కట్సుజి తతామి చాపలు కుట్టే దుకాణంలో పనిచేసేవాడు. పదకొండేళ్ళ కిందట చెర్రీలు పూసినప్పుడు, తోటి పనివాళ్ళతో కలిసి ఈ తోటలోనే చెట్ల కింద కూర్చుని తాగాడు. సైకిలెక్కి బయల్దేరాడు, ఇల్లు చేరలేదు. ఐదు రోజులు వెతికారు. ఉత్తరపు వంతెన దగ్గర తూలుతూ వెళ్తుంటే చూశామని ఎవరో చెబితే, ఆరో రోజు పోలీసులు కందకంలో గేలాలు వేయడానికి సిద్ధమయ్యారు. ఆ పొద్దున్నే కట్సుజి తల్లి తొమె స్టేషనుకు వెళ్ళి, కొడుకు ఫోను చేశాడని చెప్పింది. ఒసాకాలో ఉన్నాడట. ఎవరో ఆడమనిషితో ఉన్నాడట. తన కోసం వెతకొద్దన్నాడట. దాంతో వెతకడం ఆపేశారు.

ఊరు ఊరుకుంటుందా? మా ఆయన ఒసాకా రైలు స్టేషన్లో కట్సుజిని చూశానన్నాడు. ఎర్రకోటు వేసుకున్న ఆవిడతో కలిసి నూడుల్స్ తింటున్నాడని చెప్పాడు. అది నిజమో కాదో అడక్కుండా నేను ఊరి ఆడవాళ్ళంతా చేరే స్నానాలశాలలో పదిమందికి చెప్పాను.

మిత్సుయో పుట్టింటికి పోలేదు. తెల్లారకముందే లేచి భోజనం డబ్బాలు కట్టే కొట్టుకు పోయేది. తిరిగొచ్చి అత్తకు వండిపెట్టేది, కాళ్ళు పిసికేది. పెళ్ళి ఫొటోలో మొగుడి ముఖాన్ని మాత్రం గుండుసూదితో గీకేసింది. ఒకసారి నాతో అంది, "ఆయన వదిలేసినా అత్తయ్య నన్ను వదల్లేదక్కా. నలుగురిలో కొడుకునే తిట్టింది. ఆ ఒక్కదానికే ఉన్నాను."

ఆ ఆదివారం ఎండ ఉన్నా గాలి కోసేస్తోంది. ఇద్దరూ పెద్ద గుమ్మం దాటి తోటలోకి వచ్చారు. ప్లమ్ పూలు అప్పుడే విచ్చుతున్నాయి. తొమెకు డెబ్బై తొమ్మిదేళ్ళు. చేతికర్రతో నాలుగడుగులు వేయడం, ఆగడం.

"ఇంత దూరం నడిపించింది బురద చూడ్డానికా? బురద మన పెరట్లో లేదూ?" అని కోడలి మీద విసుక్కుంది.

"చేపలు చూద్దురుగాని అత్తయ్యా. మీ ఎత్తు చేపలున్నాయట."

"నా ఎత్తు చేప నన్ను మింగాల్సిందే. ఇక్కడే కూచుందాం. నీ అన్నం ముద్దలేవో తీయి."

చెరువు పక్కన బల్ల మీద కూర్చోబెట్టి చుట్టూ దుప్పటి కప్పాం. ముద్ద సగం తిని, కోట బురుజు వైపు వీపు పెట్టి కూర్చుంది. మేమిద్దరం కందకం వైపు లేవగానే, "నన్నొక్కదాన్నీ వదిలేస్తారేమే?" అంటూ వెనకే వచ్చింది.

కందకం గట్టు మీద జనం మూడు వరసలు నిలబడ్డారు. తొడల దాకా రబ్బరు బూట్లు వేసుకున్న మగవాళ్ళు మోకాలి లోతు బురదలో దిగి, వలలతో గండుచేపల్ని ఎత్తి తొట్లలో వేస్తున్నారు. బురదలోంచి ఏ వస్తువు పైకొచ్చినా పిల్లలు చప్పట్లు కొట్టారు. బస్టాపు పలక ఒకటి వచ్చింది. తర్వాత కుండలు, ఒక సైకిలు.

"ఒరేయ్ యసుకే, మీ నాన్న అమ్మేశానన్నాడే, ఆ సైకిలు కాదూ అది!" అని ఎవరో అరిచారు. అందరూ నవ్వారు.

రెండో సైకిలు రాతిగోడ మొదట్లో, వంతెన కింద దొరికింది. దాని వెనక ఇనుప కొక్కెం వెల్డింగు చేసి ఉంది. చాపల కట్ట తగిలించుకోవడానికి కట్సుజి తానే పెట్టించుకున్న కొక్కెం అది. మిత్సుయో నవ్వు ఆగిపోయింది.

"అది మనదే అత్తయ్యా."

"ఏ సైకిలైనా ఒకటే. అమ్మేసి పోయుంటాడు వెధవ. ఇంటికి పోదాం పద." తొమె కోడలి చెయ్యి పట్టుకుని లాగింది.

మిత్సుయో కదల్లేదు. సైకిలు ఎత్తిన చోటే ఒకతను పలుగు ఆపి, వంగి చూశాడు. చెయ్యి పైకెత్తి అందర్నీ ఆగమన్నాడు. ఎవరికీ ఏమీ చెప్పాల్సిన పని లేకపోయింది. తల్లులు పిల్లల కళ్ళు మూసి వెనక్కి తీసుకెళ్ళారు.

పోలీసులు తోటలో టీ గది పక్కన గుడారం వేశారు. అందులో మమ్మల్ని కూర్చోబెట్టారు. పాతికేళ్ళ కుర్ర పోలీసు పాత కాగితాలు తెప్పించుకుని చదివాడు.

"ఆరో రోజు ఆయన ఫోను చేసినట్టు రాసుంది. ఆ ఫోను ఎవరు తీశారండీ?"

"నేనే," అంది తొమె.

"ఏమన్నాడు పెద్దమ్మా? గుర్తు తెచ్చుకుని చెప్పండి."

ఆవిడ దుప్పటి అంచు వేళ్ళతో మడిచింది, విప్పింది. చివరికి, "ఫోను మోగలేదు," అంది.

మిత్సుయో ఆవిడ వైపు తిరిగింది. గొంతు పెంచలేదు.

"మరి ఒసాకా?"

"ఒసాకా లేదు."

"ఆ ఆడమనిషి?"

"ఆడమనిషీ లేదు. అన్నీ నేనే చెప్పాను." ఆవిడ కోడలి వైపు తిరిగింది. "వాళ్ళు గేలాలు పట్టుకుని బయల్దేరారే. వాటితో నా బిడ్డని లాగుతారా? దొరక్కపోతే ఎక్కడో ఒకచోట బతికున్నట్టే కదా అనుకున్నాను. నాలుగు రోజులాగి చెబుదామనుకున్నాను. తర్వాత నోరు రాలేదు."

"మరి నేను?"

"నువ్వు వెళ్ళిపోతావనుకున్నాను. నువ్వు వెళ్ళలేదు."

ఎర్రకోటు ఆవిడ గురించి నేను ఊరంతా చెప్పిన మాట అప్పుడు గుర్తొచ్చింది. మిత్సుయో నా వైపు చూడలేదు. చూసుంటే బాగుండేది.

పళ్ళను బట్టి కట్సుజేనని వారంలో తేల్చారు. తాగి పడ్డాడో, తనే దూకాడో ఎవరూ చెప్పలేకపోయారు. దహనం రోజు ముగ్గురమే వెళ్ళాం. ఎముకల్ని ఇద్దరిద్దరు కలిసి పుల్లలతో ఎత్తి కుండలో వేయాలి. తొమె పుల్లల్లోంచి మొదటి ఎముక జారిపోయింది.

"సరిగ్గా పట్టుకోండి," అంది మిత్సుయో. ఆమె కళ్ళలో తడి లేదు. ఇద్దరూ మళ్ళీ ఎత్తారు. చివరిదాకా అలాగే ఎత్తారు.

నలభై తొమ్మిదో రోజు కర్మ ముగిశాక మిత్సుయో రెండు సంచులు సర్దుకుంది. రేవు పట్నంలో ఉన్న చెల్లెలి దగ్గరికి బయల్దేరింది. ఒక సంచి నేను పట్టుకుని బస్సు దాకా వెళ్ళాను. అత్తకు చెప్పావా అని అడిగాను. బియ్యం పెట్టె నింపానంది.

"మా ఆయన చెప్పింది... నేను అందరికీ..." అని మొదలుపెట్టాను.

"తెలుసులే అక్కా. నేనూ నమ్మాగా." తర్వాత అంది, "పదకొండేళ్ళు ఆయన్ని తిట్టాను. పొద్దున లేస్తే తిట్టడం, అన్నం వండుతూ తిట్టడం. ఆయనేమో నేను రోజూ పనికి పోయే దారి కిందే ఉన్నాడు. వంతెన మీద నడుస్తూ కూడా తిట్టేదాన్ని."

బస్సు వచ్చింది. సంచి అందుకుని ఎక్కి, అటువైపు కిటికీ దగ్గర కూర్చుంది.

ఇప్పుడు తొమెకు మధ్యాహ్నం పూట నేనే కాస్త చారు పట్టుకెళ్తున్నాను. ఆవిడ తాగుతుంది, గిన్నె కడిగి ఇస్తుంది. కోడలి గురించి ఒక్కసారి కూడా అడగలేదు.