ఒకటో నంబరు జెర్సీ

తెనాలి కాలేజీ మైదానంలో ఆడపిల్లలు గంటన్నరగా ఎండలో నిలబడి ఉన్నారు. నిన్న బాపట్లలో యూనివర్సిటీ ఫుట్‌బాల్ కప్పు గెలిచింది వీళ్ళే. సన్మానం చేయాల్సిన పెద్దమనిషి కారు ఇంకా వేమూరు దాటలేదట. కెప్టెన్ సాహితి మోకాలు వాచి ఉంది. కూర్చోమన్న పాపాన పోయినవారు లేరు.

పక్కనే గోల్‌కీపర్ ఎస్తేరు, పాత చుడీదారులో. ఆమె ఒకటో నంబరు జెర్సీని ఉతికించి ఇస్తామని పొద్దున్నే ఆఫీసువాళ్ళు తీసుకెళ్ళారు. నిన్న ఆఖరి పెనాల్టీ ఆపబోతే చిటికెన వేలు విరిగింది. దానికి ఐస్‌క్రీం పుల్ల పెట్టి గుడ్డ చుట్టుకుంది. తండ్రి శాలేమురాజు చెరుకుపల్లిలో కూలికి వెళ్తాడు. రెండు రోజుల కూలి పెట్టి ఆమెకు గ్లౌజులు కొన్నాడు.

ఇంతలో ఆ జెర్సీ మెట్లు దిగివచ్చింది. వేసుకున్నది శ్రీవిద్య, కరస్పాండెంటు గారి తమ్ముడి కూతురు. సీజనంతా బంతి ముఖం చూడని పిల్ల. సాహితికి ఒళ్ళు మండింది. ఎస్తేరును వెంటబెట్టుకుని, కుంటుకుంటూ ఆఫీసుగదికి వెళ్ళింది.

"ఏంటి సార్ ఇది?"

ఆటల మాస్టారు, పీడీ కోటేశ్వరరావు బల్ల మీది కాగితం ఆమె ముందుకు జరిపాడు. అది యూనివర్సిటీకి పంపే ఆఖరి జాబితా. సర్టిఫికెట్లు దాన్నిబట్టే వస్తాయి. స్పోర్ట్స్ కోటా ఉద్యోగాలకు ఆ సర్టిఫికెట్టే ఆధారం. కీపర్ అన్నచోట శ్రీవిద్య పేరుంది.

సాహితికి అప్పుడు గుర్తొచ్చింది. రేపల్లెలో మొదటి మ్యాచ్ నాడు, పేర్లు తర్వాత రాసుకుంటామని పీడీ అంటే, ఖాళీ ఫారాల మీద తానే సంతకాలు పెట్టింది. ఏటా అందరు కెప్టెన్లూ పెట్టేవే కదా అనుకుంది. అంటే ఆ ఫారాల్లోనూ శ్రీవిద్య పేరే రాశారు, ఎస్తేరు సీజనంతా ఆ పేరు మీదే ఆడింది. అందులో తన చెయ్యీ ఉంది.

"ఇక్కడ కూడా పెట్టమ్మా," పెన్ను అందించాడు పీడీ. "నాది కాంట్రాక్టు ఉద్యోగం. పద్దెనిమిది వేలు. ఇద్దరు పిల్లలు. నువ్వు కాదంటే నీ పేరూ తీసేస్తారు."

కానిస్టేబుల్ ఉద్యోగం వస్తే నాన్న యలమంద తాపీపని మానేస్తాడని సాహితి ఎన్నాళ్ళనుంచో ఆశపడుతోంది. పెన్ను అందుకుని మూత తీసింది.

"పెట్టెయ్యవే," గుమ్మంలోంచి ఎస్తేరు అంది. "నా వల్ల నీది కూడా పోద్ది. మాకు అలవాటేలే."

ఆ చివరి మాట సాహితి గుండెల్లో గుచ్చుకుంది.

"శ్రీవిద్యని పిలవండి సార్. చిటికెన వేలు చూపించమనండి. విరిగుంటే పెడతాను."

 బయట బ్యాండు మొదలైంది. సాహితి పెన్నుకు మూత పెట్టి, జాబితా మీద ఉంచి, వెళ్ళి ఎస్తేరు పక్కన నిలబడింది.

మైకులో కెప్టెన్ పేరు పిలిచారు. కాసేపాగి మళ్ళీ పిలిచారు. సాహితి కదల్లేదు.