తేనెరంగు కన్ను

ముసలావిడ ఎడమ కాలికి మేజోడు తొడిగాక చూస్తే కుడికాలిది కనపడలేదు. నతేలా మంచం కింద వెతికింది, దిండు ఎత్తి చూసింది. చివరికి నడుం పట్టుకుని లేచి చూసేసరికి, అది నిన్న సాయంత్రం సొరుగుల బల్ల మీద పెట్టిన కెమెరాకి తొడిగి ఉంది.

"ఇదేమిటమ్మగారూ?"

"దాని కన్ను మూశాను" అంది ఎవాంథియా. ఎనభై ఎనిమిదేళ్ళ మనిషి, పక్షిపిల్లంత ఉంటుంది, నోరు మాత్రం వీధి చివరిదాకా వినపడుతుంది. "రాత్రంతా నీలంగా నన్నే చూస్తోంది. నరుడి కంటికే నల్లరాయి పగులుతుందంటారు. అందులోనూ నీలి కన్ను, దాని దిష్టి మరీ చెడ్డది! రెప్పన్నా వెయ్యదు!"

"నావీ నీలి కళ్ళే కదా. పదకొండేళ్ళు నాతో వేగలేదూ?"

"అందుకేగా షుగరొచ్చింది!"

నతేలా పకపకా నవ్వి, మేజోడు లాగి ముసలావిడ కాలికి తొడిగింది. బల్ల మీద కెమెరా చిన్న నీలి దీపం మళ్ళీ కనపడింది. ఎవాంథియా గోడవైపు తిరిగిపోయింది.

నతేలాకి అరవై మూడేళ్ళు. వెడల్పాటి నడుము, సబ్బునీళ్ళకి ఎర్రబడిపోయిన చేతులు, మెట్లు దిగేటప్పుడు టకటకమనే మోకాళ్ళు. జార్జియాలో త్కిబులి అనే బొగ్గు గనుల ఊరు ఆమెది. రెండేళ్ళు పనిచేసి వెళ్ళిపోదామని గ్రీసులోని థెస్సలోనికి నగరానికి వచ్చింది. ఆ రెండేళ్ళు పదకొండయ్యాయి. ఈ పదకొండేళ్ళలో ఆమె గొప్ప పనేదీ చేయలేదు. తల దువ్వింది, మందులిచ్చింది, సూప్ కాచింది, పిండిన బట్టలు బాల్కనీలో ఆరేసింది. రాత్రి రెండింటికి స్నానాలగదికి, నాలుగింటికి వంటగదిలో దాచిన లుకుమి మిఠాయి కోసం ఎవాంథియా లేస్తుంది. ఆ రెండుసార్లూ ముసలావిడ పాదం నేలకు ఆనకముందే నతేలా పాదాలు ఆనుతాయి. ఆమెకిప్పుడున్నది ఒకే ఒక్క కోరిక. తన ఊళ్ళో, తన ఇంట్లో, తెల్లగా తెల్లవారేదాకా ఒక్క నిద్ర పోవాలి.

ఇంటికి వెళ్దామని ఇదివరకు రెండుసార్లు టికెట్టు కొంది. ఒకసారి ఎవాంథియా తుంటి విరిగింది, ఇంకోసారి న్యుమోనియా పట్టుకుంది. రెండు టికెట్లూ చింపేసింది. మూడోది ఈ సాయంత్రం అయిదింటి బస్సుకి. పగటిపూటకి పక్కవీధి మనిషి ఒకామె కుదిరింది గానీ, రాత్రులు ఉండేవాళ్ళు దొరకలేదు. కొడుకు స్ట్రాటోస్ ఉండేది పై అంతస్తులోనే, నగర బస్సు నడుపుతాడు. మంచివాడే. నిద్రపోయాడంటే ఏనుగు తొక్కినా లేవడు. అమ్మ పాదం నేలకు ఆనగానే అతని ఫోను మోగేలా కెమెరా పెడితే, అమ్మ ఇంట్లోనే ఉంటుంది. లేదంటే వృద్ధాశ్రమంలో ఒక మంచం చెప్పి ఉంచాడు. అమ్మగారు అక్కడ నెల కూడా బతకదని నతేలాకి తెలుసు. ఆ మంచం మాట ఖాయమైతే మూడో టికెట్టు కూడా చింపేస్తానని ఇంకా బాగా తెలుసు.

పొద్దున డ్యూటీకి పోతూ స్ట్రాటోస్ గుమ్మంలోంచి చేతులు జోడించాడు. "అక్కా, నువ్వే వెళ్ళి మార్చి తీసుకురా. అమ్మ రాత్రుళ్ళు నాకేం తెలుసు? నీకే తెలుసు."

పగలు ఎవాంథియాతో భయం లేదు. బాల్కనీలో కూర్చుని కింద కార్లు అడ్డంగా ఆపేవాళ్ళని పేరుపేరునా తిడుతుంటుంది. ఆమెకి కాఫీ ఇచ్చి, నతేలా కెమెరా డబ్బా సంచిలో వేసుకుని బయల్దేరింది.

దుకాణంలో పాండెలిస్ అనే నెరిసిన మీసాలాయన, అడగకుండానే అన్నిటికంటే ఖరీదైనది దించాడు. "ఇది చూడండి, రెండు కళ్ళు. గదంతా చుట్టి చూస్తుంది."

"ఒక్క కంటికే ఇల్లు పీకి పందిరేసింది. రెండా?"

"మరి నిన్న పట్టుకెళ్ళినదానికి ఏమైంది?"

"నీలిదీపం."

పాండెలిస్‌కి అర్థమైంది. అతని మెడలోనూ దిష్టి తగలకుండా తల్లి కట్టిన నీలి పూస ఉంది. "ఆ దీపం ఆర్పెయ్యొచ్చు, ఫోన్లో ఒక్క నొక్కు నొక్కితే చాలు" అన్నాడు.

"కళ్ళు మూసుకున్నట్టు నటించి చూసేవాడు ఇంకా దొంగ అంటుంది మా అమ్మగారు. ఇంకోటి చూపించు."

అరలన్నీ వెతికి అతను చిన్న తెల్లడబ్బా ఒకటి తీశాడు. దాని దీపం తేనెరంగులో వెలిగింది. ధర ముప్ఫై యూరోల లోపే, నిన్నటిదానికన్నా తక్కువ. నతేలా వెంటనే సరేననలేదు. కోటు విప్పి, కెమెరానీ తన చేతినీ అందులో దూర్చి, చీకట్లో వేళ్ళు కనిపిస్తున్నాయా అని అతని ఫోన్లో చూసింది. అయిదూ కనిపించాయి. దృశ్యాలు దాచడానికి నెలనెలా కట్టాలా అని అడిగింది. అక్కర్లేదు, లోపల కార్డు వేస్తే చాలన్నాడు. పిల్లి కదిలినా మోగుతుందా అంది. మంచం పక్కన ఒక గీత గీసిపెడితే, కాలు ఆ గీత దాటినప్పుడే మోగుతుందన్నాడు.

"మాట్లాడుతుందా?"

"మీరు ఫోన్లో ఏమంటే అది అక్కడ వినపడుతుంది."

"అయితే ఇదే" అంది నతేలా.

మధ్యాహ్నం ఆలివ్ నూనె పోసిన అలసందలు తిని ఎవాంథియా నడుం వాల్చింది. కొత్త కెమెరాని ఎగాదిగా చూసి, "దీని కన్ను మా ఆయన కన్నులా ఉంది. ఆయనకి దిష్టిపెట్టడం చేతకాదు, దేనికీ పనికొచ్చేవాడు కాదు" అని అటు తిరిగి పడుకుంది. నతేలా వంటగదిలో ఫోను ముందు పెట్టుకుని కూర్చుంది. అరగంటకి ఫోను గణగణమంది. తెర మీద సన్నటి పాదం ఒకటి చెప్పుల్లేకుండా గీత దాటుతోంది. పై అంతస్తులో, డ్యూటీ దిగి వచ్చి గురక పెడుతున్న స్ట్రాటోస్ ఫోను కూడా మోగింది. అతను దబ్బున లేచిన చప్పుడు కిందికి వినపడింది.

"అమ్మగారూ, చెప్పులు" అంది నతేలా ఫోన్లోకి.

ఎవాంథియా కొయ్యబారిపోయింది. గబగబా శిలువ గుర్తు వేసుకుంది. తర్వాత కెమెరా దగ్గరికి వంగి చూసింది.

"ఓసి దీని దుంపతెగ, దీనికీ నీ యాసే వచ్చిందే!"

నతేలా కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా నవ్వుతూ గదిలోకి వచ్చింది. ముసలావిడ నవ్వలేదు. మంచం అంచున కూర్చుని, తన చేతులకేసి చూసుకుంటూ అడిగింది.

"రోజూ రాత్రి నువ్వే మాట్లాడతావా పిల్లా, అందులోంచి?"

అవునని చెప్పడం ఎంతసేపు? నతేలా నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ పదకొండేళ్ళలో ఆ ఇంట్లో ఆమె ఎప్పుడూ అబద్ధం ఆడలేదు.

"లేదమ్మగారూ. మీ అబ్బాయి మాట్లాడతాడు. నేను నిద్రపోతాను."

బాల్కనీ కింద ఎవరో హారన్ కొట్టారు. ఎవాంథియా తిట్టలేదు. నతేలా చేతిని రెండు చేతులతో పట్టుకుంది.

"పో. నాకు తెలియదనుకున్నావా? రాత్రుళ్ళు నువ్వు పడుకోవని నాకు తెలుసు. నేను కదిలితే నువ్వు లేస్తావని, ఒక్కోసారి మెలకువ వచ్చినా కదలకుండా పడుకునేదాన్ని. పో, నా తల్లీ. పొద్దెక్కేదాకా పడుకో. ఎవరు లేపినా లేవకు."

నతేలా మోకాళ్ళ మీద కూర్చుని, ఆ పక్షిపిల్లంత మనిషి ఒళ్ళో తల పెట్టుకుని ఏడ్చింది. ఎవాంథియా ఆమె జుట్టు సవరించి, "నెరిసిపోయావే, రంగు వేసుకో, అక్కడ ఎవడన్నా దొరుకుతాడు" అంది.

అయిదింటికి బస్సు కదిలాక నతేలా ఫోను తీసింది. ఒక్కసారి చూసి, ఆ కెమెరాని తన ఫోన్లోంచి తీసేద్దామనుకుంది. తెర నిండా ఎవాంథియా మొహమే ఉంది, ముక్కు గుమ్మడికాయంత కనపడుతోంది. థూ, థూ, థూ అని కెమెరా మీద మూడుసార్లు ఉమ్మింది. "నా పిల్లకి దారిలో ఎవరి దిష్టీ తగలకూడదు. దాని కళ్ళు మరీ నీలం, అందరి చూపూ వాటి మీదే" అని గొణుక్కుంది. తర్వాత బుద్ధిగా చెప్పులు వేసుకుని, నడిచి వెళ్ళి మంచం ఎక్కింది. నతేలా కళ్ళు తుడుచుకుని, కెమెరాని ఫోన్లోంచి తీసేసి, సీటు వెనక్కి వాల్చింది. ఊరు దాటకముందే నిద్రపట్టేసింది.

చీకటి పడ్డాక స్ట్రాటోస్ కిందికి వచ్చి, తల్లి మంచం పక్కన నతేలా పడుకునే మడతమంచాన్ని గ్యారేజీలో పడేద్దామని పట్టుకున్నాడు. "ఉండనీరా" అంది ఎవాంథియా. ఉతికిన దుప్పటి పరిచి ఉంది దాని మీద, పదకొండేళ్ళ బరువుకి నడుమ కాస్త కుంగిపోయి.