పొద్దెక్కినాక కూయని పిట్ట

"గియ్యాల ఈల ఎయ్యకు బిడ్డా. గా పిట్ట లోయల దిగింది," అంది మారెమ్మ, కొడుకు పెద్దులు ఇంకా తాడు భుజాన వేసుకోకముందే.

అమ్రాబాదు అడవిలో తేనె తీసేవాడు తాడు పట్టుకొని కొండచరియ దిగుతాడు. పైన తాడు పట్టేది పెళ్లాం తోడబుట్టినవాడే. చెల్లెలి బొట్టు వాడి చేతుల్లో ఉంటుంది గనక విడవడని నమ్మకం. కింది నుంచి ఈల వస్తే తాడు లాగాలి. అయితే తొలకరి మబ్బు పట్టగానే వాగు పక్క బండల్లోకి ఓ నల్లపిట్ట చేరుతుంది. వెలుగు తగిలితే దాని రెక్క మీద నీలం మెరుస్తుంది. పీతలూ పురుగులూ ఏరుకు తింటుంది. మనిషి అలికిడైతే చాలు, బండ సందులో దూరుతుంది. దాని పాట అచ్చం పనిలేనోడు వేసే ఈల.

"అది కూసిందని వీడు గుంజితే నీ కాలు జారుతది. నోటితోనే పిలువు. సోమన్నా, ఈల యినబడితే పిట్టేననుకో," అంది మారెమ్మ, తాడు పట్టబోయేవాడి వైపు తిరిగి.

కోడలు బిక్షమ్మ అన్న సోమన్న నవ్వాడు. "అత్త గంజి తాగేటప్పుడు గూడ మునుగుతనేమోనని భయపడ్తది, బావా."

"ఊకో అమ్మా, నీదంత ఫికరే," అన్నాడు పెద్దులు.

"నా మీద ఒట్టెయ్యిండ్రి ముందు!"

ఇద్దరూ ఒట్టేశాకే కదలనిచ్చింది.

అత్తాకోడళ్లు గుడిసె ముందు ఇప్పగింజలు కొడుతూ కూర్చున్నారు. పైన ఎక్కడో వాన పడిందేమో, వాగు హోరెత్తుతోంది. పొద్దు నడినెత్తికొచ్చేసరికి లోయలోంచి ఈల వినబడింది. కాసేపాగి మళ్లీ.

"నీ నోరు పడ! ఊకోవే!" అని పిట్టను తిట్టింది మారెమ్మ. బిక్షమ్మ ఫక్కున నవ్వింది. ఒట్టు వేయించడం ఎంత మంచిదైందోనని మారెమ్మ గుండె కాస్త కుదుటపడింది కూడా.

ఇంకొక్క ఈల వచ్చి నడుమ తెగిపోయింది.

మారెమ్మ చేతిలో రాయి ఆగింది. బండలు ఎండకు కాలుతున్నాయి. ఆ పిట్ట తెల్లారుజామున కూస్తుంది, పొద్దుగూకేటప్పుడు కూస్తుంది. బండ కాలితే నోరు విప్పదు. పుట్టినకాడి నుంచి ఎరిగిన సంగతే, భయంలో మరిచింది.

చెప్పుల్లేకుండా ఉరికింది. బిక్షమ్మ వెనకే ఉరికింది. దారిలో సోమన్న ఎదురొచ్చాడు, ఒక్కడే. తాడు వెనక దుమ్ములో ఈడ్చుకొస్తోంది.

"వాడేడి?"

సోమన్న దారి మధ్యలో కూలబడ్డాడు.

"అన్నా, నోరిప్పవేందే!" బిక్షమ్మ వాడి భుజాలు పట్టి ఊపింది. వాడు తాడు కొసనే చూస్తున్నాడు.

మారెమ్మ వాడి ముందు చతికిలబడింది. అడగక తప్పదు.

"వాగు హోరుల పిలుపు యినబడలేదా బిడ్డా?"

సోమన్న తల అడ్డంగా ఊపాడు.

"మరి ఈల... యిన్నవా?"

బండల మీంచి ఎండ జరిగి, ముగ్గురి మీదా కొండ నీడ పడింది. బిక్షమ్మ ఏడుపు ఎక్కిళ్లలోకి దిగింది. లోయలో పిట్ట సాయంత్రపు పాట అందుకుంది.

అప్పుడు తల ఎత్తకుండానే అన్నాడు సోమన్న:

"యిన్న, అత్తా. పిట్టేననుకున్న."