బోడిమెట్ట సాక్షులు

క్వారీలో మందు పేలింది. రాయి ఎగిరొచ్చి, రేకుల కప్పు చీల్చుకుని, అన్నం తింటున్న పరదేశి మీద పడింది. మెట్ట ఎక్కి జారిపడి చచ్చాడని పోలీసులు రాసుకున్నారు. ఆ చీలిన కప్పు శాలోమి కెమెరాలో ఉంది.

శాలోమిది చోడవరం. పన్నెండేళ్లుగా డాక్యుమెంటరీలు తీస్తోంది. దర్శకురాలూ నిర్మాతా తనే. మూడు చిత్రాలకు ఢిల్లీలో చప్పట్లు కొట్టారు. అద్దె గదికి తిరిగొస్తే పలకరించే మనిషి లేదు. తన చిత్రాల్లోని గొంతులు వింటూ ఒక్కర్తే తినేది. కె.కోటపాడు దారిలోని ఈ బోడిమెట్ట చిత్రాన్ని ఏ చానలూ ముట్టుకోలేదు.

పరదేశి భార్య అచ్చియ్యమ్మ ఆమెను నిలదీసింది.

"మా ఏడుపట్టుకెళ్లి ఎవులికి సూపిస్తన్నావమ్మా? మాకు సూపించేవా ఒక్కపాలి?"



"క్వారీ పెంచడానికి ఎల్లుండి మీటింగెట్టేరు. ఆపీసర్లొస్తారు. అక్కడెయ్యి," అన్నాడు క్వారీ కూలీ సత్యారావు.

"ఏస్తే నన్నట్టుకుపోతారన్నా," అంది శాలోమి.

"మమ్మల్ని సంపుతన్నారు కదేటి?" అంది అచ్చియ్యమ్మ.

మీటింగు రోజున షామియానా కింద అధికారి చదివాడు: "క్వారీ దగ్గర్లో ఇళ్లు లేవు."

ఊరంతా లేచింది. "మరి మేవెక్కడున్నాం?"

పెళ్లిళ్లకు అద్దెకిచ్చే పెద్ద తెర సత్యారావు ముందే తెచ్చిపెట్టాడు. శాలోమి చిత్రం వేసింది. బీటలిచ్చిన గోడలు. చీలిన కప్పు. కాంట్రాక్టరు మనుషులు వైరు లాగేశారు. తెర నల్లబడింది. పోలీసులు శాలోమిని జీపులోకి తోశారు.

ఎన్నో అరెస్టులు చిత్రీకరించిన మనిషి. తన అరెస్టు చిత్రీకరించేవాళ్లు లేరు. ఇంతటితో సరి అనుకుంది.

అప్పుడు మైకులో అచ్చియ్యమ్మ గొంతు వినబడింది.

"నా మొగుడు జారిపడనేదు. కంచం కాడ సచ్చేడు. ఆపొద్దు బయపడి పోలీసుల కాయితం మీద నానే ఏలిముద్రేసేను. అది అబద్దం. అందరిముందూ సెప్తన్నాను."

ఆ మాట అచ్చియ్యమ్మ కెమెరాకు ఎన్నడూ చెప్పలేదు. జీపులో శాలోమి ఏడ్చింది.

వెనక ఇంకో గొంతు లేచింది. ఇంకోటి. క్వారీకి ఒప్పుకున్నట్టు ఊరివాళ్లు పెట్టాల్సిన సంతకాల కాగితం ఖాళీగానే మిగిలింది.

మర్నాడు కూలీలెవరూ మెట్ట ఎక్కలేదు. స్టేషన్ ముందు నేలమీద కూర్చున్నారు. ఎస్సై బయటికొచ్చాడు.

"లోపలున్నదానికి నువ్వేమవుతావే?"

"సాచ్చిని," అంది అచ్చియ్యమ్మ, లేవకుండానే. "ఈలందరూ సాచ్చులే. రాసుకో బాబూ, ఒక్కొక్క పేరూ సెప్తాం."