మూడు పిడికిళ్ళ మట్టి

సుభానీ అబద్ధం చెప్పాలని గురజాల రాలేదు. నిజం చెప్పాలనీ రాలేదు. అసలు నోరు తెరిచే పనే లేకుండా రైలు దిగి, తల వంచుకుని దూదేకుల వీధిలోకి పోయి, తలుపేసుకుని పడుకోవాలని వచ్చాడు. అయిదేళ్ళు యుద్ధంలో నలిగి వచ్చినవాడికి ఆ మాత్రం కోరిక తీరకూడదా అంటే, తీరలేదు. సైదాబీ స్టేషన్లోనే కూర్చుని ఉంది.

సైదాబీ అతని నేస్తం మౌలాలీకి తల్లి. పక్క పక్క ఇళ్ళు, ఒకటే పని. ఒకడు విల్లు మీటి దూది ఏకితే రెండోవాడు పరుపులు కుట్టేవాడు. నలభై ఒకటిలో పని సన్నగిల్లింది. నరసరావుపేటలో పట్టాళంలోకి తీసుకుంటున్నారని తెలిసి ఇద్దరూ కలిసే పోయారు. సింగపూర్ పడిపోయినప్పుడు కలిసే జపానువాళ్ళకు చిక్కారు. ఓడ అడుగున కుక్కి న్యూగినీ అనే దీవికి తోలినప్పుడూ కలిసే ఉన్నారు. తిరిగి వచ్చింది మాత్రం ఒక్కడే. మౌలాలీ జబ్బుచేసి చనిపోయాడని సర్కారు కాగితం నాలుగు నెలల ముందే వచ్చింది.

సైదాబీ ఏడవలేదు. సుభానీ మోచెయ్యి పట్టుకుని ఒక్కటే అడిగింది.

"మట్టి ఎవరిచ్చార్రా వాడికి?"

చనిపోయినవాణ్ణి గోతిలో దించాక అయినవాళ్ళు తలా మూడు పిడికిళ్ళ మట్టి వేస్తారు. అది పడితేనే పోయినవాడు పోయినట్టు. మూడోరోజు, పదోరోజు, నలభయ్యోరోజు, అన్ని లెక్కలూ ఆ తరవాతే. కాగితం వచ్చిన రోజునే మసీదు అహ్మద్ సాహెబు పోయినవాడి పేరున ఫాతియా చదువుతానన్నాడు. సైదాబీ వద్దంది. మట్టి పడిందో లేదో తెలియకుండా నలభై ఎక్కణ్ణుంచి లెక్కపెట్టాలని ఎదురడిగింది. అప్పటినుంచీ ఆమె లెక్కలో కొడుకు అటు బతికీ లేడు, ఇటు చచ్చీ లేడు. పట్టాళం నుంచి ఎవరు దిగుతారా అని ప్రతి రైలుకూ వచ్చి కూర్చుంటోంది.

"నేనే ఇచ్చాను పెద్దమ్మా," అన్నాడు సుభానీ.

"మూడూ ఏశావా?"

"ఏశాను."

"నీళ్ళు పోశారా ఒంటికి? కలిమా చదివారా?"

"అన్నీ జరిగినయ్. కొబ్బరిచెట్ల కింద పెట్టాం. మంచి చోటు."

ఒక అబద్ధం ఆడితే నాలుగు వాటంతట అవే వచ్చాయి. అయినా సుభానీకి తప్పు చేశాననిపించలేదు. ఒక్క మాటతో ముసలామె గుండె బరువు దిగిపోతుందంటే ఎవరు మాత్రం చెప్పరు? ఆమె అతని అరచేతులు రెండూ తిప్పి చూసుకుని కళ్ళకద్దుకుంది. అక్కడితో అయిపోతే బాగుండేది.

"అయితే నా బిడ్డకు మట్టి ఇయ్యాళ పడ్డట్టురా నాకు. లెక్క ఇయ్యాళ్టి నుంచే. నలభయ్యోరోజు ఫాతియా జేస్తా. మట్టిచ్చినోడివి, మొదటి ముద్ద నువ్వే ముట్టాల. నువ్వు తింటే వాడు తిన్నట్టే. వాడికి గోంగూర మాంసమంటే ఎంత పానమో నీకు దెలవదా?"

సుభానీ స్టేషన్ అరుగు మీద కూలబడ్డాడు. ఎండదెబ్బనుకుని ఎవరో నీళ్ళిచ్చారు.

ఆ దీవిలో జరిగింది చెప్పుకోదగ్గ సంగతి కాదు. కానీ చెప్పకపోతే, ఊరికి కనపడ్డట్టే సుభానీ మనకూ పిచ్చివాడిలా కనపడతాడు. కాబట్టి ఒక్కసారి చెప్పుకుని వదిలేద్దాం. నలభై నాలుగు చివరికొచ్చేసరికి జపానువాళ్ళకు ఓడలు రావడం ఆగిపోయింది. బియ్యం అయిపోయాయి. దుంపలు, ఎలుకలు, పాములు కూడా అయిపోయాయి. కైదీలు జ్వరంతో, ఆకలితో రోజూ పోతూనే ఉన్నారు. అప్పుడు ఒక పొద్దున ఒక ఆఫీసరు వచ్చి కైదీలను వరసగా నిలబెట్టి, కాస్త ఒళ్ళున్నవాణ్ణి వేలితో చూపించాడు. పనికనుకున్నారు. వాణ్ణి చెట్ల వెనక పాకలోకి తీసుకుపోయారు. వాడు రాలేదు. ఆ సాయంత్రం జపానువాళ్ళ వంటపాకలోంచి, ఎన్నో నెలల తరవాత, మాంసం ఉడుకుతున్న వాసన వచ్చింది. మరునాడు ఇంకొకణ్ణి తీసుకుపోయారు. అప్పటికి అందరికీ తెలిసిపోయింది. మూడోనాడు ఆ వేలు సుభానీ దగ్గర ఆగి, జరిగి, మౌలాలీ మీద నిలిచింది. ఆ సాయంత్రమూ వాసన వచ్చింది. అదేమిటో తెలిసి కూడా, ఏడాదిగా మాడిన సుభానీ నోట్లో నీళ్ళూరాయి.

అదీ సంగతి. జపానువాళ్ళు చేసింది ఎవరికైనా చెప్పగలడేమో. తన నోరు చేసింది ఎవరికి చెప్పగలడు?

ఇంటికి చేరిన రోజునే అతని తల్లి చాంద్ బీ కోడిని కోయించింది. వాసన తగలగానే సుభానీ పెరట్లోకి పరిగెత్తి గోడ పట్టుకుని వాంతి చేసుకున్నాడు. మరునాటి నుంచి పప్పూ మజ్జిగే. దూదేకుల ఇంట్లో మాంసం ముట్టని మగవాడు ఇంతకుముందు పుట్టలేదు కాబట్టి వీధికి మంచి కాలక్షేపం దొరికింది. 'సుభానీ పంతులు' అని పేరు పెట్టారు. "పంతులుగారూ, జంధ్యం ఎప్పుడు?" అని అడిగేవాళ్ళు. సుభానీ నవ్వేవాడు. నవ్వితే ఎవరూ ఇంకో ప్రశ్న వెయ్యరని పట్టాళంలోనే నేర్చుకున్నాడు.

కానీ సైదాబీ రోజూ పొద్దున్నే వచ్చి గుమ్మంలో నిలబడి లెక్క చెప్పేది. "ఇయ్యాళ్టికి ఆరురా." "ఇయ్యాళ్టికి పదకొండు." ఆమె మొహంలో రోజురోజుకూ కళ వస్తోంది. నాలుగు నెలలుగా దువ్వని తల దువ్వుకుంది. పొయ్యి వెలిగించుకుని ఇంత వండుకు తింటోంది. అది చూసి ఊరంతా సంతోషించింది. సుభానీకి మాత్రం ఆమె కోలుకుంటున్నకొద్దీ ఊపిరి సలపడం లేదు. తినకపోతే ఎందుకంటుంది. ఆ ఎందుకుకు ఎక్కడో ఒకచోట తన నోరు జారుతుంది. గోరీయే లేదనీ, కొడుకు ఏమైపోయాడో కూడా తెలిసిన రోజు ఈమె బతకదు.

పద్నాలుగో రోజున తల్లికైనా చెప్పుకుందామని కూర్చున్నాడు. చాంద్ బీ పరుపు గుడ్డ కుడుతోంది.

"అమ్మా, ఆ దీవిలో వాళ్ళు మనుషుల్ని..."

"కొట్టేవాళ్ళా నాయనా?"

ఆమె సూది ఆపి చూసింది. ఆ కళ్ళలో కొట్టడం కంటే పెద్ద ఘోరం లేదు. మనుషుల్ని ఏం చేశారో చెప్పడానికి ఆ ఇంట్లో మాట లేదు. ఏ మాట వాడినా అది రోజూ వంటింట్లో వాడుకునే మాటే.

"ఆఁ. చానా కొట్టేవాళ్ళు," అన్నాడు సుభానీ.

"తిండి గూడా పెట్టలేదంటగా. మరిప్పుడన్నా సుబ్బరంగా తినకపోతే ఎట్టరా?"

పంతొమ్మిదో రోజున చిలకలూరిపేట జిన్నింగు మిల్లులో పనుందని చెప్పి మూట కట్టుకున్నాడు. వీధి చివర దాకా పోయాడు. అక్కడ సైదాబీ మేకపిల్లకు తుమ్మకాయలు మేపుతోంది. మౌలాలీ పేరున కోయడానికి తెచ్చిన పిల్ల. మూట చూసి ఆమె, "నలభైకి వస్తావుగా నాయనా?" అని మాత్రం అడిగింది. ఆ అడగడంలో రాడేమోనన్న అనుమానం లేశమైనా లేదు. తిట్టినా, బతిమాలినా పోయేవాడేమో. అంత నమ్మకాన్ని దాటి అడుగు పడక, మిల్లులో పని లేదట అని గొణిగి వెనక్కి వచ్చాడు. అసలు చిలకలూరిపేట పోనివాడికి అక్కడ పని లేదని ఎట్లా తెలిసిందో ఎవరూ అడగలేదు.

ఇరవై ఆరో రోజున ఇంకో దారి తట్టింది.

"పెద్దమ్మా, పట్టాళం డాక్టరు నన్ను మాంసం ముట్టొద్దన్నాడు. పేగులు పుండ్లు పడినయ్యంట. తియ్యటిది ఏదన్నా జెయ్యి, మలీదా జెయ్యి. అదే తింటా."

సైదాబీ సరేనన్నట్టు తల ఊపి వెళ్ళిపోయింది. ఆ రాత్రి సుభానీ తెల్లవారేదాకా కదలకుండా నిద్రపోయాడు. ఊరికి వచ్చాక అదే మొదటిసారి.

రెండు రోజులు ఆమె కనపడలేదు. మూడోరోజు మధ్యాహ్నం, కాళ్ళు బొబ్బలెక్కి, దుమ్ము కొట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. మిషన్ ఆసుపత్రి దాకా నడిచి పోయి వచ్చిందట. అక్కడి కాంపౌండరు జోసెఫ్ ఎవరికైనా ఓపిగ్గా చెప్తాడని పేరు.

"అడిగా నాయనా, అంతా చెప్పి అడిగా. మెత్తగా ఉడకబెట్టి, కారం తగ్గించి ఒకటి రెండు ముక్కలు తింటే ఏం గాదన్నాడు. ఇదిగో, ముందు ఈ పొడి ఏసుకోమన్నాడు."

ఆమె కొంగుముడి విప్పి కాగితం పొట్లం చేతిలో పెట్టింది. సుభానీ దాన్ని పట్టుకుని నిలబడిపోయాడు. పాపం, జోసెఫ్ మంచివాడు. సైదాబీ మంచిది. చాంద్ బీ మంచిది. చుట్టూ ఇంతమంది మంచివాళ్ళు నిలబడితే ఏ సందులోంచి పారిపోతాడు? జపానువాళ్ళ ముళ్ళకంచెకైనా అక్కడక్కడా కంత ఉండేది.

నలభయ్యోరోజు రానే వచ్చింది.

సైదాబీ ఇంటి ముందు నాపరాళ్ళ అరుగు మీద చాప పరిచి, తెల్లగుడ్డ వేశారు. మగవాళ్ళు రెండు వరసలుగా కూర్చున్నారు. అహ్మద్ సాహెబు ఊదువత్తి వెలిగించి, కూర గిన్నె ముందు చేతులు చాచి ఫాతియా చదివాడు. మౌలాలీ పేరు చెప్పినప్పుడు లోపలినుంచి సైదాబీ ఏడుపు వినపడింది. కాగితం వచ్చాక ఆమె ఏడవడం అదే మొదలు. ఏడవనీయండి అని ఆడవాళ్ళెవరో అన్నారు. సుభానీకీ సంతోషమే వేసింది. ఈ ఏడుపు కోసమే కదా అబద్ధం ఆడింది.

మొదటి పళ్ళెం అతని ముందు పెట్టారు. తెల్లటి అన్నం, దాని మీద గోంగూర మాంసం. పులుపూ కొవ్వూ కలిసిన వాసన. సుభానీ కళ్ళు మూసుకున్నాడు. వాంతి వస్తుందనుకున్నాడు. వాంతి వస్తే జబ్బని సరిపెట్టుకోవచ్చు, జోసెఫ్ పొడి పనిచెయ్యలేదని చెప్పుకోవచ్చు. ఆఖరి ఆశ అదొక్కటే.

వాంతి రాలేదు. నోట్లో నీళ్ళూరాయి.

వరసలో ఎవరో నవ్వుతూ, "కానీయండి పంతులుగారూ, ఆకలేస్తంది," అన్నారు. మట్టిచ్చిన చెయ్యి కదిలేదాకా ఇంకెవరూ ముట్టకూడదు. అంతమందీ అతని చేతివైపే చూస్తున్నారు. తలుపు పక్కన, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని సైదాబీ చూస్తోంది. ఆ చూపు పళ్ళెం మీద లేదు. తల్లి బిడ్డ నోటివైపు చూసే చూపు అది.

సుభానీ ముద్ద కలిపాడు. ముద్దలో ఒక ముక్క ఉంది. మేకపిల్లది, తుమ్మకాయలు తిన్న మేకపిల్లది అని మనసులో అనుకున్నాడు. మేకపిల్లది, మేకపిల్లది అనుకుంటూనే నోట్లో పెట్టుకున్నాడు. నమిలాడు. మింగాడు. బాగుంది. ఆ బాగుండడం భరించలేక బావురుమన్నాడు.

నేస్తం గుర్తొచ్చాడని అందరూ తలలు వంచుకున్నారు. అహ్మద్ సాహెబు వీపు మీద చెయ్యి వేసి నిమిరాడు. పంతులని పిలిచినవాడు కూడా కళ్ళు తుడుచుకున్నాడు. సుభానీ ఏడుస్తూనే రెండో ముద్ద పెట్టుకున్నాడు, మూడోదీ పెట్టుకున్నాడు. ఆగితే ఎందుకు ఆగావని ఎవరైనా అడుగుతారు. అప్పుడు చెప్పేస్తాడు. చెప్పకుండా ఉండాలంటే నోరు నిండుగా ఉండడం ఒక్కటే దారి.

సైదాబీ మగవాళ్ళ వరస అని కూడా చూడకుండా వచ్చి అతని ఎదుట కూర్చుంది. కొంగుతో అతని మూతి తుడిచింది. ఆమె మొహం తేటగా ఉంది.

"నా కొడుకు కడుపు నిండిందిరా సుభానీ. ఇంక నేను రైలుకు పోను."

అతను తల ఊపాడు.

"ఏటేటా ఈ రోజుకు నువ్వే వచ్చి తినాల. నేనున్నన్నాళ్ళూ జేస్తా. నేను పోయినాక రేపు నువ్వు జేసుకునే పిల్ల జేస్తది. నీకు పుట్టే పిల్లలకూ చెప్పు, మట్టిచ్చిన ఇల్లు మీది."

"అట్టాగే పెద్దమ్మా."

"ఉప్పు సరిపోయిందా?"

"సరిపోయింది."

ఆమె గరిటెతో గిన్నె అడుగు దేవి, మెత్తటి ముక్క చూసి అతని పళ్ళెంలో వేసింది.