అట్ట మీద నా జుట్టు

ఈ పెన్ను కూడా ఆరిపోయేలా ఉంది, యాభై ఏళ్ల కిందటి నా జుట్టు మీదే సంతకం పెట్టమంటారు అందరూ, రికార్డు అట్ట మీద నల్లటి చోటు అదే కదా, వెండి సిరా అక్కడే తేలుతుంది, బర్మింగ్‌హామ్‌లో సగం ఈ రికార్డుల కొట్లోనే ఉన్నట్టుంది, వరుస వీధిలోకి పోయింది, మా బ్యాండు యాష్ ఫౌండ్రీ తర్వాత తీసిన తొమ్మిది రికార్డులూ ఎవరికీ అక్కర్లేదు, ఈ మొదటిదే కావాలి, ఇందులో బేస్ గిటారే కావాలి, గురూ, మూడో పాట విని కార్ఖానా మానేశాను, మా ఆవిడ ఇప్పటికీ మిమ్మల్నే తిడుతుంది అంటాడొకడు, నవ్వుతాను, ఆ బేస్ నేను వాయించలేదు.

నాన్న పేరున రాయండి అంది తర్వాత వచ్చినావిడ, నలభై దాటి ఉంటాయి, నారిస్ పెల్ అంది, పెన్ను ఆగిపోయింది, పోత కార్ఖానాలో పగలంతా పనిచేసి వచ్చి రెండు రోజుల్లో రికార్డంతా వాయించేసిన నారిస్, ఇరవై మూడేళ్లకే నడినెత్తి మెరిసిన నారిస్, ఫొటో రోజు మేనేజర్ రెజ్ వాడి తల చూసి, ఒరేయ్, బ్యాంకు గుమాస్తాలా ఉన్నావు, ఈ తలతో మన రికార్డు ఎవడు కొంటాడ్రా అన్నాడు, అందరికంటే గట్టిగా నవ్వింది నేనే, బ్యాండు సామాను మోసే నాకు భుజాల దాకా జుట్టుంది, నువ్వు నిలబడరా అన్నాడు రెజ్, నిలబడ్డాను, నారిస్ తన గిటారే నా మెడలో వేసి, చీపురులా పట్టుకోకురా వెధవా అన్నాడు, అట్ట మీద నా బొమ్మ, కింద క్లైవ్ అని నా పేరు, స్టేజీ మీద వాయించడానికి పాటలు నాకు నేర్పింది కూడా వాడే, వాళ్లమ్మ వంటింట్లో, ఆరు వారాలు.

ఎలా ఉన్నాడు అని అడిగాను, ఊపిరితిత్తులు పోయాయండీ, మంచం దిగడు, ఈ రికార్డు మాత్రం రోజూ పెట్టమంటాడు, తెలిసే వచ్చిందా, అందరి ముందూ నిలదీస్తుందా, నా గురించి ఏమన్నా చెప్పాడా అన్నాను, అయ్యో చెప్పకేం, ఓ ఆదివారం మా ఆయన మీ బేస్ విని ఇదీ ఒక వాయింపేనా అన్నాడని నాన్న పళ్లెం వదిలి లేచిపోయాడు, క్లైవ్ నా స్నేహితుడు, నా ఇంట్లో వాణ్ణి మాటనకు అన్నాడు, అయినా మీరు ఒక్కసారైనా రాలేదేమండీ, పది నిమిషాల దూరం.

పది నిమిషాల దూరం, వాడెక్కడ నోరు విప్పుతాడోనని ఆ వీధి తప్పించి చుట్టూ తిరిగిపోయాను ఇన్నేళ్లూ, అమ్మా, ఈ బేస్ మీ నాన్న వాయించాడు అన్నాను, ఏమిటండీ అంది, మీ నాన్న వాయించాడు, నేను కాదు అన్నాను మళ్ళీ, వరుసలో వాళ్లకీ వినబడేలా, ఆవిడ అట్ట మీద నా పేరు మళ్ళీ చూసుకుంది, నిజంగానే తెలియదు, కన్నకూతురికి కూడా చెప్పలేదు వాడు, నేనేదో గట్టిగా దాచుకున్నాననుకున్నాను, దాచింది నేను కాదు, యాభై ఏళ్లుగా నారిస్ నన్ను దాచాడు.