కుడివైపు తెల్ల పలక

నేను ఒక పలకను. బలపంతో రాసే పలకను కాను, తిమింగలం నోట్లో పళ్లకు బదులు వేలాడే జల్లెడ పలకను. మీ గోళ్లు ఏ పదార్థమో నేనూ అదే. మా యజమానురాలు ఒక్క గుక్కలో ఇంటెడు నీళ్లు నోట పట్టి, నాలుకతో బయటికి నెట్టేది. నీళ్లు పోయేవి, సన్న రొయ్యలు మా కుచ్చుల్లో చిక్కేవి. అంత ఒళ్లు పెట్టుకుని తినేది చిట్టి రొయ్యలు. మీలో పెద్దవాళ్లు అలా కాదు, చెరువులే మింగుతారు.

ఆవిడది ఫిన్ వేల్ జాతి. గుర్తుపట్టడం సులువే. కింది దవడ కుడివైపు తెలుపు, ఎడమవైపు నలుపు. పలకల్లోనూ కుడివైపు ముందున్నవే తెల్లనివి, మిగతావన్నీ ముదురు బూడిద రంగు. నేను ఆ తెల్లవాళ్లలో ఒకదాన్ని. నీలి తిమింగలానికైతే అన్నీ కారునలుపే.

ఆవిడ జబ్బుచేసి శ్రీకాకుళం తీరానికి కొట్టుకొచ్చి కన్నుమూసింది. "అమ్మోరు తల్లీ, ఇలగైపోనావేటే!" అని పల్లెకారుల ఆడవాళ్లు పసుపు నీళ్లు చల్లి ఏడ్చారు. చదువుకున్నవాళ్లు వీపెక్కి ఫొటోలు దిగారు. కాలేజీ ప్రిన్సిపాల్ పేర్రాజుగారు దూరంనుంచే చూసి, ఇంత పెద్దదంటే నీలి తిమింగలమే అని తేల్చేశారు. కాలేజీలో ఆ ఎముకలు పెట్టే ప్రదర్శనశాలకు గది కూడా దొరక్కముందే, మంత్రిగారి పేరుతో 'నీలి తిమింగల ప్రదర్శనశాల' అని పాలరాతి ఫలకం చెక్కించేశారు. మనవాళ్లకు పునాదికన్నా ముందు శిలాఫలకం లేవాలి కదా.

ఎముకలనీ మమ్మల్నీ కడిగి వరసపెట్టే పని జువాలజీ లెక్చరర్ పైడిరాణిది. ఏళ్ల తరబడి కాంట్రాక్టు ఉద్యోగం. పర్మనెంటు కావాలంటే పేర్రాజుగారి సంతకం పడాలి. అయినా నన్ను చేతిలోకి తీసుకుని తిన్నగా ఆయన గదికి వెళ్లింది. ఆ నిమిషం పైడిరాణి అంటే నాకు ఎంత ప్రేమో చెప్పలేను.

"సార్, ఇది బ్లూ వేల్ కాదండి. ఈ తెల్ల పలక చూడండి, ఫిన్ వేల్."

"రాయి చెక్కేశారమ్మా. రాయిని మార్చలేం కదా, చేపనే మార్చు."

"చేప కాదండి, పాలిచ్చే జాతి..."

"నీ పర్మనెంటు కాగితం నా బల్లమీదే ఉంది. చూసుకో మరి."

పైడిరాణి నన్ను పట్టుకుని వెనక్కి తిరిగింది. నాకు ఒళ్లు మండిపోయింది. సముద్రాలు ఈదిన ప్రాణి, పేరు కోసం ఒక సంతకంతో పోటీపడాలా?

ప్రారంభోత్సవం ముందురోజు పైడిరాణే నల్ల ఎనామిల్ రంగు డబ్బా తెచ్చింది. మూత తీసి కుంచె ముంచింది. ఒక్క పూతతోనే నేనూ, నా తోటి తెల్లవాళ్లూ నల్లబడిపోయాం. ఎందుకైనా మంచిదని, ఆరనిచ్చి, ఆవిడ రెండో పూత కూడా వేసింది.